మధ్యలో మసీనా

కబురు వచ్చేసరికి నేను కొబ్బరి కోరుతున్నాను. చేతులు ఖాళీ లేవని ఫోను మా ఆయన ఫెరెటి ఎత్తాడు. ఎత్తి, అవతలివాళ్ళు అడక్కముందే, "అవునండీ, నేను ఆవిడ భర్తని మాట్లాడుతున్నాను" అన్నాడు. మా పెళ్ళి పూలదండల వాసన ఇంకా ట్రంకు పెట్టెలో ఉన్న రోజులవి. ఆ మాట అనే అవకాశం ఎవరిచ్చినా ఫెరెటి వదిలేవాడు కాదు. అది వినడానికి నాకూ చెవులు చాలేవి కావు.

ఆపియా పట్నంలోని బడుల ఆఫీసు నుంచి ఫోను. సెలవులయ్యాక నన్ను మా ఊరి బడిలోనే టీచరుగా వేశారట. పట్నంలో వేస్తే ఫెరెటి వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో, ఆవిడ ఆరుగురు మనవల మధ్య, ఒక మూల చాప వేసుకుని బతకాలి. ఆ భయంతో నెలరోజులుగా ఇద్దరికీ సరిగ్గా నిద్ర లేదు.

"మన ఊరి బడే, తిరెసా" అన్నాడు.

నేను కేక వేసి కోరుడుపీట మీంచి ఒక్క గెంతు గెంతాను. కొబ్బరి తురుము నేలపాలైంది, కోళ్ళు పరిగెత్తుకొచ్చాయి. ఫెరెటి నన్ను ఎత్తి తిప్పాడు. మా ఇంటికి గోడలుండవు. చుట్టూ స్తంభాలు, పైన కప్పు, వాన వస్తే దించుకోవడానికి కొబ్బరాకు తడికలు, అంతే. కాబట్టి రోడ్డు మీద పోయే బస్సులోవాళ్ళంతా మమ్మల్ని చూసి ఈలలేశారు. వేస్తే వేశారు.

అన్నయ్య ఇయోపు వీధివైపు స్తంభానికి ఆనుకుని కత్తి నూరుకుంటున్నాడు. నాన్న పోయాక ఇంటి పెద్దరికం, ఊరి సభలో నాన్న కూర్చునే చోటూ అన్నయ్యకే వచ్చాయి. నన్ను చూసి ముఖం నిండా నవ్వాడు. తర్వాత మసీనాని పిలిచాడు.

"మసీనా, అత్తకి మన ఊళ్ళోనే ఉద్యోగం వచ్చిందని మీ అమ్మకి చెప్పు."

మసీనా అన్నయ్య కూతురు. ఆ ఏడే పదమూడు నిండాయి. చేతులూ కాళ్ళూ ఒక్కసారిగా సాగిపోయి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా తిరిగేది. వాళ్ళమ్మ లుపే, అంటే మా వదిన, పెరటివైపు కూర్చుని ఆరిన బట్టలు మడత పెడుతోంది. మొగుడికీ పెళ్ళానికీ మధ్య చెప్పు విసిరితే తగిలేంత దూరం. నేను వేసిన కేక ఊరవతల చర్చిలోకి కూడా వినబడి ఉంటుంది. అయినా మసీనా వెళ్ళి ఎదురుగా నిలబడేదాకా వదిన తలెత్తలేదు.

"అమ్మా, అత్తకి ఇక్కడే ఉద్యోగం వచ్చిందని నాన్న చెప్పమన్నాడు."

"చాలా సంతోషించానని అధిపతిగారికి మనవి చేసుకుంటున్నట్టు చెప్పు."

మసీనా తిరిగి వచ్చింది. "నాన్నా, అమ్మకి సంతోషమేనట. మొహం మాత్రం అలా లేదు."

నాకు నవ్వొచ్చింది. ఆ రోజుల్లో నాకు అన్నిటికీ నవ్వొచ్చేది.

వాళ్ళిద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉన్నారని నాకు తెలుసు. మా పెళ్ళైన దగ్గర్నుంచీ అలాగే ఉన్నారు. అంతకుముందు వదిన అన్నయ్యని ‘నువ్వు’ అనేది, కోపమొస్తే ‘ఓరి మొద్దూ’ అని కూడా అనేది. ఇప్పుడన్నీ సభలో మాట్లాడే పెద్ద పెద్ద మర్యాదలే. మొగుడూ పెళ్ళాలన్నాక అలుగుతారులే అనుకున్నాను. మేం కూడా ఎలా ఉంటుందో చూద్దామని ఒక మధ్యాహ్నం దోమతెర గురించి అలిగి చూశాం. అటు తిరిగి పడుకున్న ఫెరెటి వీపు మీద ఈగ వాలింది, నేను తోలాను, అలక అక్కడితో అయిపోయింది. అందరి అలకలూ అంత సుఖంగా తీరతాయనుకునేంత ఆనందంలో ఉన్నాను.

*

బడి తెరిచారు. మసీనా నా తరగతే. ఆ వారమే పాస్టరమ్మ గారు నన్ను పిలిపించి, చదువుకున్నదానివి కదా, ఈ ఏడాది పిల్లల ఆదివారం నాటిక నువ్వే చేయించమన్నారు.

పిల్లల ఆదివారం అక్టోబరులో వస్తుంది. ఆ రోజు పిల్లలు తెల్లబట్టలు వేసుకుని చర్చిలో ముందు బెంచీల్లో కూర్చుంటారు. ఒక్కొక్కరు లేచి కంఠస్థం చేసిన వాక్యం అప్పగిస్తారు. ఇంటికొచ్చాక ముందు పిల్లలే భోంచేస్తారు, అమ్మానాన్నలు వడ్డిస్తారు. ఏడాదంతా పెద్దలు తిన్నాక మిగిలింది తినే పిల్లలకి అదొక్క రోజు రాజ్యం. దాని కోసం రెండు నెలల ముందు నుంచే సాయంత్రాలు చర్చి ఆవరణంతా వాక్యాలతో మోగిపోతుంది.

అందులో మసీనాకి సాటి లేదు. దానికి మైకు ఇచ్చేవారు కాదు. మాటకి మాట విడదీసి, ఆఖరి బెంచీలో కునుకు తీసే తాతలకి కూడా వినబడేలా చెప్పేది. ఆఖరి వాక్యం, అందరికంటే పెద్ద వాక్యం, ఏటా దానిదే.

ఆ ఏడాది మొదటి సాయంత్రమే మసీనా చిన్నపిల్లల్ని చెట్టు చాటుకి తీసుకుపోయి వాక్యం నేర్పింది. తిరిగొచ్చి వాళ్ళంతా ఒక్క గొంతుతో అప్పగించారు. చివరి మాటల దగ్గర దేవుడి మహిమకి బదులు పాస్టరుగారి పందిపొట్ట వచ్చింది. అమాయకంగా, చేతులు కట్టుకుని, ఎంత చక్కగా చెప్పారో. నేను నవ్వు ఆపుకోలేక ఆవరణలోని తొలిచిన దుంగ డోలు వెనక్కి వెళ్ళాల్సొచ్చింది. పాస్టరమ్మ గారికి నవ్వు రాలేదు.

తర్వాత వారం డోలులో ఎండ్రకాయని వదిలింది. ఆ పై వారం ఒక పిల్లాడి చెయ్యి కొరికింది. మేం కష్టపడి చేసుకున్న కాగితం కిరీటాలు సగం తడిసి ముద్దైపోయి గుంటలో దొరికాయి. బడిలో అడిగిన దానికి జవాబు చెప్పదు, అడగని దానికి చెప్తుంది. నన్ను తరగతిలో అందరి ముందూ, "పెళ్ళికూతురా, నీ పాఠం నువ్వే చదువుకో" అంది. ఇంట్లో నా ఒళ్ళో తలపెట్టి పేలు చూపించుకునే పిల్ల.

ప్రతిసారీ పాస్టరుగారింటి నుంచి అమ్మానాన్నలకి పిలుపు వచ్చేది. ఇద్దరూ వెళ్ళాలి, అది పద్ధతి. వెళ్ళేటప్పుడు అన్నయ్య ముందు, వదిన చాలా వెనక, గొడుగు వేసుకుని. వచ్చేటప్పుడు ఒకే గొడుగు కింద ఉండేవాళ్ళు.

"నువ్వు గారాబం చేసి చెడగొట్టావ్" అని అన్నయ్య.

"తమరు ఇంట్లో ఉంటే కదా తెలిసేది" అని వదిన.

కయ్యమే అయినా ఎదురెదురుగా ఆడుకునేవారు. మసీనా మెట్ల మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చుని వాళ్ళు వచ్చేదాకా రోడ్డు వైపే చూసేది. తిట్లు తినడానికి ఇంత ఎదురుచూసే పిల్లని నేనెక్కడా చూడలేదు. ఆ పూట తిట్టేవాళ్ళు, అలిసిపోయేవాళ్ళు, తెల్లారేసరికి మళ్ళీ మామూలే. మసీనా, కోకో చల్లారిపోతోందని మీ నాన్నకి చెప్పు. మసీనా, సభకి వేసుకునే చొక్కా ఎక్కడుందో మీ అమ్మనడుగు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు.

*

వదిన రోజూ మధ్యాహ్నం ఆడవాళ్ళ అల్లికల పాకకి వెళ్ళేది. ఒకరోజు బడి వదిలాక ఆవిడకి కోకో పట్టుకెళ్ళాను. అందరి ఒళ్ళోనూ మొగలాకు చీలికలున్నాయి, చేతులు ఆడుతున్నాయి. వదిన ఒళ్ళో ఏమీ లేదు. ఊరికే కూర్చుని మిగతావాళ్ళ చేతుల్ని చూస్తోంది.

"మా అన్నయ్య మీద కోపానికి మొగలాకు ఏం చేసింది వదినా?" అన్నాను, నవ్విద్దామని.

వదిన కోకో తాగి కప్పు కింద పెట్టింది. "నీ పెళ్ళిలో ఆఖరున ఎత్తిన చాప గుర్తుందా?" అంది.

గుర్తు లేకేం. పెళ్ళిలో ఆడపిల్లవారు సన్నచాపలు ఇవ్వాలి. పట్టుబట్టలా మెత్తగా, అంచుకి ఎర్ర ఈకలు కుట్టి ఉంటాయి. ఒక్కొక్క చాపకీ ఏళ్ళు పడుతుంది. ఒక్కో చాపనీ ఆడవాళ్ళు కొసలు పట్టుకుని విప్పి, అందరూ చూసేలా పచ్చిక మీద నడిపించుకుంటూ తీసుకెళ్తారు. ఆ ఆఖరి చాప ఎండలో నీళ్ళలా మెరిసింది. అవతలివైపు వాళ్ళంతా లేచి నిలబడి మెచ్చుకున్నారు. దాని ముందు కొస పట్టుకుని నడిచింది వదినే. నవ్వుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నా మీద ఎంత ప్రేమో అనుకున్నాను. అనుకుని, ఎర్రబడ్డ ఫెరెటి చెవుల వైపు తిరిగిపోయాను.

"అది మా అమ్మకోసం అల్లాను" అంది వదిన. "మసీనాకి పాలపళ్ళు ఊడే రోజుల్లో మొదలుపెట్టా. అమ్మ పోయిన రోజున కూతురు తన చేత్తో అల్లింది తీసుకెళ్ళాలి. ఖాళీ చేతుల్తో వెళ్ళకూడదు కదా."

ఫెరెటి వాళ్ళ వైపు నుంచి అనుకున్నదానికంటే ఇంకో రెండు బస్సుల జనం దిగారు. పందులూ, చేపల డబ్బాల పెట్టెలూ కుప్పపోశారు. మా చాపలు సరిపోలేదు. అన్నయ్య లోపలికెళ్ళి పరుపెత్తి కింద దాచిన చాప తీశాడు. ఇంటి పరువు పోతోంది, ఇంట్లో ఉన్నదంతా ఇంటిదే అనుకున్నాడు. ఇంటి పెద్దకి అలా అనుకునే హక్కుంది. ఊళ్ళో ఎవరూ తప్పన్నవాళ్ళు లేరు.

"నన్ను అడిగితే ఇచ్చేదాన్నే" అంది వదిన. "అడగలేదు. కొస నా చేతికిచ్చి నడవమన్నాడు."

మా అత్తగారిని అడుగుతాను, తిరిగిమ్మంటాను అన్నాను. వదిన నన్ను జాలిగా చూసింది.

"ఇచ్చిన చాపని ఎవరైనా అడుగుతారా, పిచ్చిదానా. అదిప్పటికి ఎవరి చావుకో వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంకెవరి పెళ్ళికో వెళ్ళుంటుంది. నీ మీద నాకేం లేదు. నువ్వు సుఖంగా ఉండు." నా జుట్టులో ఇరుక్కున్న సుద్దముక్క తీసి పారేసింది. "ఆయనకి తెలుసు తిరెసా. మొహం చూడలేకే మాట్లాడటం లేదు. ముందు నేను మాట్లాడితే పోయిందేముందిలే అనుకుంటాడని నేనూ మాట్లాడను."

ఇంటికి వచ్చాక ఫెరెటి ఎందుకు మొహం అలా పెట్టావని అడిగాడు. నా సంతోషానికి పరిచిన చాప ఎవరిదో చెప్పాను. చాలాసేపు ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చున్నాం.

*

మా ఊళ్ళో పొద్దు వాలగానే శంఖం ఊదుతారు. ప్రతి ఇంట్లోనూ ప్రార్థనకి కూర్చుంటారు. మళ్ళీ శంఖం ఊదేదాకా రోడ్డు మీద ఎవరూ అడుగు పెట్టకూడదు. ఊరి కుర్రాళ్ళు వరసగా నిలబడి కాపలా కాస్తారు. ఫెరెటి కొత్తగా వచ్చిన ఇంటల్లుడు కనక అందరికంటే ముందు వెళ్ళి, అందరికంటే నిటారుగా నిలబడేవాడు.

సెప్టెంబరు చివర్లో ఒకరోజు శంఖం ఊదాక మసీనా రోడ్డు నడిమధ్యన పాట పాడుకుంటూ నడిచి వచ్చింది. ఫెరెటి కళ్ళు పెద్దవి చేసి, పక్కకి పొమ్మని సైగ చేశాడట. ఎవరూ చూడకముందే పొదల్లోకి తప్పుకుంటే సరిపోయేది. ఆ పిల్ల నేరుగా ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"మామయ్యా, పట్టుకో" అంది. "కొంచెం గట్టిగా అరువు. మా ఇంటిదాకా వినబడాలి."

ఆ మాట నాతో చెప్తూ ఫెరెటి నవ్వడం మొదలుపెట్టాడు. సగంలో ఆపేశాడు. నేనూ నవ్వలేదు.

ఊరి సభ కూర్చుంది. సభలో కూర్చునే మనిషి కూతురే శంఖం మాట దాటితే తగ్గించి వేస్తే బాగుండదని జరిమానా గట్టిగానే వేశారు. ఒక పెద్ద పంది, చేపల డబ్బాల పెట్టెలు. అన్నయ్య తల దించుకుని ఇంటికి వచ్చాడు. ఆ సాయంత్రం అన్నయ్యా వదినా ఒకే చాప మీద ఎదురెదురుగా కూర్చున్నారు. కూర్చోక తప్పదు. అన్నయ్య తరపువాళ్ళ దగ్గర్నుంచి ఎంత, వదిన తరపువాళ్ళ దగ్గర్నుంచి ఎంత అనేది తేలాలి.

"మచ్చలదాన్ని ఇద్దాం."

"అది ఈనడానికుంది."

"మరి నల్లది?"

"నల్లదాన్ని చూసి సభ నవ్వుతుంది. బక్కది. మా తమ్ముడి దగ్గర ఒకటుంది, అడుగుతాను."

"అడుగుతావా?"

"అడక్క చస్తానా."

అలా దీపం పెట్టే వేళ దాకా మాట్లాడుకున్నారు. మసీనా స్తంభం వెనక పడుకుని జడ కొస నోట్లో పెట్టుకుని వింటోంది. పందుల గురించి వింటున్న పిల్ల మొహం అలా ఉండదు. చాలా రోజుల ఎండ తర్వాత కప్పు మీద వాన చినుకుల చప్పుడు వింటున్నట్టుంది.

పంది సంగతి తేలాక అన్నయ్య అన్నాడు, పిల్లల ఆదివారం అవనిచ్చి, సోమవారం పడవలో దీన్ని సవాయి దీవిలో మా బాబాయి దగ్గరికి పంపేస్తానని. బాబాయి ఇంట్లో పిల్లలు అడక్కుండా నీళ్ళు కూడా తాగరు. వదిన కాసేపు నేల వైపు చూసింది. తర్వాత, "అలాగే" అంది. మా పెళ్ళైన దగ్గర్నుంచీ వాళ్ళిద్దరూ కలిసి ఒప్పుకున్నది ఆ ఒక్కటే.

స్తంభం వెనక మసీనా జడ కొస వదిలేసింది.

*

ఆదివారానికి ముందు శుక్రవారం నేనూ మసీనా ఊటగుంట దగ్గర తెల్లబట్టలు ఉతుకుతున్నాం. సముద్రం ఒడ్డునే రాళ్ళ మధ్య తియ్యని నీళ్ళు ఊరే గుంట. మసీనా రెండు రోజులుగా ఒక్క అల్లరి పని చెయ్యలేదు. నాకదే దిగులుగా ఉంది.

సవాయి వెళ్ళడం ఇష్టం లేదని నాన్నకి చెప్పకపోయావా అన్నాను. మసీనా సబ్బు రుద్దుతూనే ఉంది.

"నేను వెళ్ళిపోతే చెప్పేవాళ్ళెవరత్తా?"

"ఏం చెప్పడం?"

"అదే. కోకో అయిందని. చొక్కా ఆరలేదని. నువ్వా? నువ్వెప్పుడూ మామయ్య మొహమే చూస్తూ ఉంటావు. నీకేం వినబడదు."

నాకు చురుక్కుమంది. నీకెందుకే ఆ గోల, నీ అల్లరి నువ్వు మానుకుంటే నిన్ను ఎవరూ ఎక్కడికీ పంపరు కదా అన్నాను. ఆ పిల్ల తలెత్తి, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూసింది.

"బుద్ధిగా ఉన్న రోజు వాళ్ళు నాతో మాట్లాడతారు" అంది. "తప్పు చేసిన రోజు నా గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు."

సబ్బు నా చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. వెతికి తీసేసరికి మసీనా పిండిన బట్టలు గంపలో వేసి లేచింది. వాళ్ళమ్మ కుట్టిన కొత్త తెల్లగౌను అన్నిటికీ పైన పెట్టింది, నలగకుండా.

మా దేశంలో ఆడపడుచు మాటకి ఒక విలువుంది. చెల్లెలు అడుగుతున్నానని అంటే అన్న కాదనకూడదు. అది రక్తంలో ఉన్న మర్యాద. దాన్ని చిన్న చిన్నవాటికి వాడం. మసీనాని పంపొద్దని అడిగితే అన్నయ్య పంపడు. కానీ ఆ పిల్ల మళ్ళీ అటు నాలుగడుగులూ ఇటు నాలుగడుగులూ నడుస్తూనే ఉంటుంది. ఏం అడగాలో తోచలేదు. ఫెరెటినడిగాను. ఆయన కాసేపు చెవి గోక్కుని, "పిల్లని మధ్యలోంచి తప్పిస్తే ఏమవుతుందో" అన్నాడు. ఎలా తప్పించాలో ఆయనకీ తెలియదు.

*

పిల్లల ఆదివారం చర్చి నిండా తెల్లబట్టలు. ఎండకి కళ్ళు చెదిరిపోతున్నాయి. చిన్నవాళ్ళు దేవుడి మహిమనే చెప్పారు, పంది ఊసు రాలేదు. నాటిక అయింది. ఒక గొర్రెపిల్ల ఏడ్చింది, మిగతాదంతా బాగానే వచ్చింది. ఆఖరి వాక్యానికి మసీనా లేచింది.

నిలబడి ఏమీ మాట్లాడలేదు. అన్నయ్య కుడివైపు సభ పెద్దలతో, వదిన ఎడమవైపు పాటలవాళ్ళతో కూర్చున్నారు. మసీనా అటు చూసింది, ఇటు చూసింది. పాస్టరమ్మ గారి చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

తర్వాత వాక్యం చెప్పింది. ఒక్క మాట తడబడకుండా, ఆఖరి బెంచీ దాకా వినబడేలా, ఎప్పటికంటే చక్కగా. జనం ఊపిరి పీల్చుకున్నారు. విసనకర్ర మళ్ళీ కదిలింది. అందరూ పిల్ల బాగుపడిందనుకున్నారు. నేను మాత్రం అలా అనుకోలేకపోయాను. ఆ పిల్ల ఇక ప్రయత్నం మానేసింది.

ఇంటికి వచ్చాక పిల్లల్ని వరసగా చాపల మీద కూర్చోబెట్టాం. మెళ్ళో పూలదండలు, ముందు అరిటాకుల మీద కాల్చిన పంది, కోడి, చేమదుంపలు, కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు కూర. ఫెరెటి ఐస్‌క్రీం డబ్బాని గోనెలో చుట్టి చంటిబిడ్డలా కాపాడుతున్నాడు. పద్ధతి ప్రకారం అన్నయ్య పిల్లల పక్కన కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతున్నాడు. వదిన గరిటెతో వడ్డిస్తూ వరస చివర ఉంది.

అన్నయ్య మసీనా ఆకు వైపు చూశాడు. "మసీనా, చేమాకు కూర ఇటు తెమ్మని మీ అమ్మకి..."

మసీనా చేతిలో కోడికాలుతోనే సగం లేచింది. ఆ లేవడం చూశాక నేనేం అడగాలో నాకు తెలిసిపోయింది.

"అన్నయ్యా" అన్నాను. "ఇవాళ పిల్లలకి పని చెప్పకూడదు."

"పనేముంది, ఒక్క మాట..."

"ఒక్క మాటైనా సరే. నేను అడుగుతున్నాను."

విసనకర్ర ఆగింది. వదిన గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. మసీనా సగం లేచి, నా వైపు చూసి, మెల్లగా కూర్చుంది. ఏమీ తోచక ఫెరెటి ఈల వెయ్యబోతుంటే గిల్లాను. ఈగలు వచ్చి పంది మీద వాలాయి, ఎవరూ తోలలేదు.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. సభలో గంటసేపు ఆగకుండా మాట్లాడగల మనిషి.

"లుపే" అన్నాడు.

వదిన కదల్లేదు.

"పిల్లకి కూర అందలేదు."

వదిన వచ్చింది, వంగి మసీనాకి కూర వేసింది. తలెత్తకుండానే, "ఇంకేమైనా సెలవిస్తారా?" అంది.

అన్నయ్య విసనకర్రని మోకాలి మీద పెట్టి, దాని అంచు వేలితో దిద్దుకుంటూ కూర్చున్నాడు. "చాప నిన్ను అడక్కుండా తీశాను" అన్నాడు. పిల్లలందరి ముందూ, నా ముందూ, ఫెరెటి ముందూ.

వదిన మసీనాకి మళ్ళీ కూర వేసింది. ఆకులో చోటు లేదు, పక్కకి కారింది.

"రేపటి పడవకి..." అన్నాడు అన్నయ్య. మసీనా నమలడం ఆపేసింది. "రేపటి పడవకి ముగ్గురం వెళ్దాం. బాబాయి ఇంటికి వద్దు. అక్కడే ఉన్న మీ అమ్మ ఇంటికి వెళ్దాం, లుపే. ఆవిడ చాప ఏమైందో నేనే చెప్తాను. ఆవిడ దొడ్లో మొగలి పొదలున్నాయిగా. ఆకు నేను కోస్తాను."

"ముళ్ళుంటాయి" అంది వదిన.

"ఉండనీ."

వదిన గరిటె గిన్నెలో పెట్టి, మోచేత్తో ముక్కు తుడుచుకుంది. అలవాటుగా కూతురి వైపు తిరిగింది. "మసీనా, మీ నాన్నకి..." అని మొదలుపెట్టి ఆగింది. మసీనా బుగ్గల నిండా చేమదుంప కుక్కుకుని, కావాలనే ఇంకో ముక్క కుక్కుకుంది.

వదిన అన్నయ్య వైపు తిరిగింది.

"మొదటి పడవ అందుకోవాలంటే రేపు కోడి కూయకముందే లేవాలి" అంది. "నువ్వు లేవకపోతే లేపను. నేనూ, నా కూతురూ వెళ్ళిపోతాం మొద్దూ."